మాస్కు చుట్టూ తడిగుడ్డ

2024 ఎండాకాలం. సికింద్రాబాద్‌లో రైల్వే స్టేషన్‌కు కొంచెం అవతల, ఒక మందుల దుకాణం పై అంతస్తులో మా స్లీప్ క్లినిక్ ఉండేది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లకు పరీక్షలు చేయడం, మిషన్లు అమర్చడం, ఆ మిషన్లు పంపే రిపోర్టులు చదవడం నా పని. ఆ ఉద్యోగాన్ని స్లీప్ టెక్నాలజిస్ట్ అంటారు. మా అత్తగారు మాత్రం చుట్టాలకు నన్ను గురక నర్సు అనే పరిచయం చేస్తుంది. నేను నర్సును కాను, కానీ ఆ మాటను సరిదిద్దడం ఎప్పుడో మానుకున్నాను.

ఒక మధ్యాహ్నం యాదగిరి అనే వంట మాస్టరు బియ్యం సంచి ఒకటి చంకన పెట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. వెంట ఖాజా ఉన్నాడు. ఇద్దరూ కలిసి చాలా ఏళ్లుగా ఫంక్షన్లకు వంటలు చేస్తున్నారు. యాదగిరి సంచి మూతి విప్పి, అందులోంచి సీప్యాప్ మిషన్ను, దాని గొట్టాన్ని, మాస్కును తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇది మీ దగ్గర్నే ఉంచుకోండ్రి మేడం. నాకొద్దు," అన్నాడు. పేర్లు మార్చి రాస్తున్నాను.

సీప్యాప్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. కొందరికి నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, మెదడు కంగారుపడి లేపుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ ఆగడం. రాత్రంతా ఇదే తంతు. దీన్ని స్లీప్ యాప్నియా అంటారు. మనిషికి తాను లేచిన సంగతి కూడా గుర్తుండదు, తెల్లారి మాత్రం నిద్రే పోనట్టు ఉంటుంది. సీప్యాప్ మిషన్ మాస్కు ద్వారా గాలిని కొంత ఒత్తిడితో పంపి ఆ దారి మూతపడకుండా చూస్తుంది. ఆ ఒత్తిడినే ప్రెషర్ అంటాం. ఎవరికి ఎంత ప్రెషర్ కావాలో పరీక్ష చేశాక డాక్టరు రాస్తారు. అది మందు మోతాదు లాంటిదే, ఎవరికి వారు మార్చుకునేది కాదు.

మిషన్ వాపసు తెచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ముక్కు మీద గాటు పడిందని ఒకరు తెస్తారు. పిల్లలు చూసి జడుసుకుంటున్నారని ఒకరు, ఇంటికొచ్చినవాళ్లు రోజులు దగ్గర పడ్డాయా అని పరామర్శిస్తున్నారని ఒకరు. వాళ్లందరికీ చెప్పాల్సిన జవాబులు నా నాలుక చివరే ఉంటాయి. యాదగిరి ఆ బాపతు కాదు. ఈ మిషన్ వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే మేము యాదగిరినే చూపించేవాళ్లం.

ఆయన మొదటిసారి వచ్చింది అంతకు రెండేళ్ల ముందు. అప్పుడు భారీ మనిషి. మెడ, గడ్డం ఒకటిగా కలిసిపోయి ఉండేవి. కుడి ముంజేతికి కట్టు ఉంది. ఒక పెళ్లి వంటలో బిర్యానీ దేగ్ పక్కన నిలబడి నిలబడే నిద్రలోకి జారిపోయాడట. దేగ్ అంటే ఫంక్షన్లలో వాడే పెద్ద రాగి పాత్ర. చెయ్యి దాని అంచుకు ఆనింది. ఖాజా వెనక నుంచి లాగకపోతే ముంజేతితో పోయేది కాదని ఆయన భార్య లక్ష్మి ఆ రోజు ఏడుస్తూ చెప్పింది. పరీక్షలో యాప్నియా తీవ్రంగా ఉందని తేలింది. డాక్టరు గారు పద్నాలుగు ప్రెషర్ రాశారు. అది ఎక్కువే, కానీ ఆ మెడకు అంత అవసరం. ముక్కును, నోటిని కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్కు ఇచ్చాం.

యాదగిరి మిషన్‌కు అలవాటు పడిన తీరు చూసి నాకే ముచ్చటేసింది. పగటి కునుకు పోయింది. మరుసటి ఏడాది షుగర్ బయటపడింది. మరొకరైతే దిగులు పెట్టుకునేవారు, ఆయన జొన్నరొట్టెలు, పప్పులు, ఆకుకూరలు పట్టి, నడక మొదలుపెట్టి ఇరవై కిలోల పైనే తగ్గాడు. వందల మందికి నేతి వంటలు వండి పెడుతూ ఒక మనిషి అలా తగ్గడం నేను చూడలేదు. సంతోషపడనిది ఆయన గిరాకీలే. మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్మే ఆసామి కూడా మాస్టరూ పాణం బాగలేదా అని అడిగేవాడట. బక్క వంట మాస్టర్ని ఎవరు నమ్ముతారు అని యాదగిరే నవ్వుతూ చెప్పేవాడు.

అలాంటి మనిషి మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏమైందని అడిగితే కడుపు అన్నాడు, అంతకు మించి చెప్పలేదు. కింద దుకాణంలో తన తల్లికి మందులు కొనాలని ఖాజా లేచి వెళ్లాకే నోరు విప్పాడు.

"పొద్దుగాల లేస్తే కడుపు డోలు లెక్క ఉంటది మేడం. ఒకటే తేన్పులు. నోరు ఎండుకపోయి నాలుక చెక్క లెక్క ఉంటది. మిషన్ బంద్ పెడితే అదంతా ఉండదు."

కడుపుబ్బరంతో లోకంలో చాలామంది బతుకుతున్నారు, దానికి మిషన్ వదిలేస్తారా అన్నాను కొంచెం కటువుగా. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, అసలు సంగతి చెప్పాడు.

ఆయన మేనమామ దగ్గర వంట నేర్చుకున్నాడు. ఆ మేనమామ పెట్టిన నియమాలు రెండు. వంటలో ఉప్పు మాస్టరే వేయాలి, ఉప్పు డబ్బాను ఇంకో చెయ్యి ముట్టకూడదు. వంట దించేదాకా మాస్టరు పచ్చి గంగ తప్ప ఏమీ ముట్టకూడదు. ఖాళీ కడుపుతో, ఆకలి మీద ఉన్నప్పుడే నాలుక ఉప్పు సంగతి నిజం చెబుతుందని వాళ్ల నమ్మకం. ఇందులో శాస్త్రం ఎంతో నేను చెప్పలేను. నోరు ఎండితే రుచి మందగిస్తుందన్నది మాత్రం మాకూ తెలిసిందే. ఇప్పుడు యాదగిరికి పొద్దున్నే కడుపు నిండా గాలి. ఆకలి లేదు, నాలుక పలకడం లేదు. బోయిన్‌పల్లిలో ఒక దావత్‌లో దాల్చాలో, అంటే చింతపండు పులుపుతో వండే పప్పు కూరలో, ఉప్పు ఎక్కువై, బంతిలో కూర్చున్నవాళ్లు గిన్నెలు పక్కకు నెట్టేశారు. ఆ భయంతో తర్వాతి వంటల్లో తగ్గించి వేస్తే చప్పబడింది.

"కొన్ని రోజుల సంది ఖాజా నేను అటు తిరగంగనే మల్ల రుచి చూసి ఉప్పు సరిచేస్తుండు మేడం. నాకు ఎరుకలేదనుకుంటుండు. ఆఖర్ల నేను తినేటప్పుడు ఉప్పు సమంగ ఉంటది. నేను ఏసిందైతే సమంగ ఉండదు కదా. నా చెయ్యి ఎంత ఏసిందో నాకు తెల్వదా?"

మరి ఖాజాను అడగలేదా అన్నాను.

"ఏమని అడుగుత? నా ఇజ్జత్ కాపాడనీకే చేస్తుండు. అడిగితే ఇద్దరికీ తక్లీఫ్."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం బియ్యం సంచి మూతిని మడిచి విప్పుతూ ఉన్నాయి. నాకు బాధ కలిగింది. నా ఉద్యోగంలో మనుషులు ప్రాణం గురించి భయపడుతూ చెప్పే మాటలు చాలా విన్నాను, ఒక మనిషి తన చెయ్యి మీద నమ్మకం పోయిందని చెప్పడం అంతగా వినలేదు.

ఈలోగా ఖాజా మందుల పొట్లంతో పైకి వచ్చాడు. వారం రోజులుగా యాదగిరి మిషన్ పెట్టుకోవడం లేదని, దాంతో పాత జబ్బు మళ్లీ తలెత్తిందని ఆయన చెప్పాడు. మొన్న ఒక వంటలో పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్న యాదగిరి తల ముందుకు వాలిపోతుంటే అంగీ పట్టి వెనక్కు లాగాడట.

"ఒకసారి గుంజిన, రెండోసారి గుంజిన. మూడోసారి నేను దగ్గర లేకుంటే? మిషన్ పెట్టుకోకుంటే అన్నను పొయ్యి కాడికి రానియ్య మేడం. నాతోని మాట్లాడకున్నా మంచిదే."

యాదగిరి కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. సంగతి నాకు స్పష్టంగానే ఉంది. మిషన్ పెట్టుకుంటే ఉప్పు తప్పుతుంది, పెట్టుకోకపోతే మంట పక్కన నిద్ర ముంచుకొస్తుంది. రెండిట్లో ఏది జరిగినా ఆయన వంట మాస్టరుగా మిగలడు. ఆయనకు వేరే పని రాదు, వేరే పని కావాలని కోరిక కూడా లేదు.

నాకు అలవాటైన దారిలో నేను వెళ్లాను. కంప్యూటర్‌లో ఆయన రిపోర్టు తెరిచాను. ఈ మిషన్లలో చిన్న సిమ్ ఉంటుంది. ఎన్ని గంటలు వాడారు, గంటకు ఊపిరి సగటున ఎన్నిసార్లు ఆగింది, మాస్కు అంచుల నుంచి గాలి ఎంత లీకైంది అన్నవి రోజూ మాకు వచ్చేస్తాయి. వాడటం మానేసిన ఆ వారాన్ని పక్కన పెడితే, యాదగిరి రిపోర్టు మా క్లినిక్‌లో అందరికంటే బాగుంది. ఊపిరి ఆగడం దాదాపు లేదు. లీక్ అయితే మరీ తక్కువ. చలికాలంలో కొన్నాళ్లు లీక్ పెరిగినమాట నిజం. బుగ్గలు తగ్గి మాస్కు వదులై ఉంటుందని, సరిచేసుకోమని ఫోన్ చేశాను. సరిచేస్త మేడం అన్నాడు. ఆ వారంలోనే లీక్ పడిపోయింది. ఇంత శ్రద్ధగల పేషెంటు ఉంటే మా పని ఎంత హాయి అని అప్పట్లో మెచ్చుకున్నాను కూడా.

కడుపుబ్బరానికి కారణాలు వాళ్ల ఇంట్లో కూడా వెతికారు. పప్పులు, జొన్నరొట్టెలు పడటం లేదని లక్ష్మి కొన్నాళ్లు ఆపి చూసింది. వీధి చివర డాక్టరు గ్యాస్ మాత్రలు ఇచ్చాడు. వాము, సోంపు, మజ్జిగ అన్నీ అయ్యాయి. దేనికీ లొంగలేదు. రిపోర్టు బాగుంది, తిండి మార్చినా తగ్గలేదు. నాకు ఇంకేమీ తోచక, ఇంట్లో పెట్టుకున్నట్టే మాస్కు ఇక్కడ ఒకసారి పెట్టుకొని చూపించండి అన్నాను.

మామూలుగా మేము ఇలా అడగం. మొదటి రోజు మేమే పేషెంటుకు మాస్కు తొడుగుతాం, పట్టీలు సరిచేస్తాం, ఇలా పెట్టుకోండని చెప్పి పంపుతాం. తర్వాత వచ్చినప్పుడు కూడా మా చేతులే ముందుకు వెళ్తాయి. పేషెంటు చేతులు ఏం చేస్తున్నాయో చూసే తీరిక ఉండదు, నిజానికి ఆ అలవాటే లేదు.

యాదగిరి లేచి, కొన్ని నీళ్లు కావాలన్నాడు. మాస్కు పెట్టుకోవడానికి నీళ్లెందుకో నాకు అర్థం కాలేదు. గ్లాసుతో ఇచ్చాను. ఆయన బియ్యం సంచి అడుగు నుంచి ఒక గుడ్డ పేలిక తీశాడు. పాత కాటన్ చీర నుంచి చింపింది, మెత్తగా ఉంది. దాన్ని తడిపి, పిండి, అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనాడు. ఆ తాడును మాస్కు అంచు చుట్టూ ఒద్దికగా పరిచాడు. గదిలో పరీక్షకు వాడే మంచం మీద కూర్చొని మాస్కు ముఖానికి ఆనించి, తల వెనక పట్టీలను రెండు చేతులతో గట్టిగా బిగించాడు. బుగ్గల మీద చర్మం ముడతలు పడింది.

అప్పుడు నేను అడగకుండానే ఖాజా దగ్గరకు వెళ్లాడు. వంగి, చెయ్యి వెనకవైపును మాస్కు చుట్టూ నెమ్మదిగా తిప్పి చూశాడు. బిర్యానీ దేగ్ మూత చుట్టూ ఆవిరి ఎక్కడన్నా పోతోందా అని చూసే తీరు అది. ఆ జంటలో దమ్ కట్టడం ఖాజా పని. దేగ్ మూత చుట్టూ తడిగుడ్డ చుట్టి, పైన బరువు పెట్టి, లోపలి ఆవిరి బయటకు పోకుండా చేయడాన్ని వాళ్లు దమ్ కట్టడం అంటారు.

"జెర సుత పోతలేదు మేడం," అన్నాడు ఖాజా గర్వంగా. "మీరు ఫోన్ల చెప్పినంక నేనే నేర్పిన అన్నకు."

నేను ముందు చూసింది మాస్కు ముందుభాగాన్ని. అక్కడ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మనిషి వదిలిన ఊపిరి వాటి గుండా బయటకు పోవాలి. గుడ్డ అంచు దగ్గరే ఆగింది, రంధ్రాలను కప్పలేదు. కప్పి ఉంటే వదిలిన ఊపిరే మళ్లీ పీల్చాల్సి వచ్చేది, ఈ కథ ఇలా రాసే వీలు ఉండేది కాదు. అది చూసుకున్నాకే నేను నా కుర్చీలో కూర్చోగలిగాను.

తర్వాత మిషన్ ఆన్ చేసి యాదగిరిని వెల్లకిలా పడుకోమన్నాను. నిజంగానే ఎక్కడా గాలి పోవడం లేదు. కొద్దిసేపట్లో ఆయన కంఠం కదిలింది, గుటక వినిపించింది. కాసేపటికి మరొకటి. ఇంకాసేపటికి కడుపులో గుడగుడ. గదిలో ముగ్గురికీ వినిపించింది. ఆపి, మాస్కు తీయించాను. లేచి కూర్చోగానే పెద్ద తేన్పు వచ్చింది. ఆయన సిగ్గుపడ్డాడు.

దీన్ని ఏరోఫేజియా అంటారు, అంటే గాలిని మింగడం. అవసరానికి మించిన ప్రెషర్ వచ్చినప్పుడు ఆ గాలి ఊపిరితిత్తులకు పోగా మిగిలింది ఆహారనాళం దారి పడుతుంది. యాదగిరికి పద్నాలుగు ప్రెషర్ రాసినప్పుడు గొంతు చుట్టూ బరువు ఉంది. బరువు పోయాక ఆ దారిని తెరిచి ఉంచడానికి అంత గాలి అక్కర్లేదు. మిషన్‌కు ఆ సంగతి తెలియదు, పెట్టిన ప్రెషర్‌తోనే ఊదుతూ ఉంటుంది. చలికాలంలో మాస్కు వదులైనప్పుడు ఎక్కువైన గాలి అంచుల నుంచి బయటకు పోయేది. కళ్లలోకి కొట్టి ఇబ్బంది పెట్టేది కానీ కడుపులోకి వెళ్లేది కాదు. ఆ దారిని వీళ్లిద్దరూ కలిసి, తమకు వచ్చిన విద్యతో, దమ్ కట్టి మూసేశారు. నా రిపోర్టులో ఆ అంకె ముచ్చటగా కనిపించింది.

ఇదంతా ఇద్దరికీ వివరించి చెప్పాను. ఖాజా ముఖం వాడిపోయింది. యాదగిరి గడ్డం కింద, ఒకప్పుడు కండ వేలాడిన చోట, వేళ్లతో తడుముకున్నాడు.

"అంటే సగం దేగ్‌కు నిండు దేగ్ మంట పెట్టినట్టు," అన్నాడు చివరికి.

అవునన్నాను. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఆయన వెంటనే మంట తగ్గించెయ్యండి అన్నాడు. అది నా చేతిలో లేదని, డాక్టరు గారు చూడాలని చెప్పాను. ఆయన చూసి, బరువు ఇంత తగ్గినప్పుడు పరీక్ష మళ్లీ చేయాల్సిందేనని, దాని ఫలితం వచ్చేవరకు ఆటో మిషన్ ఇచ్చి పంపమని చెప్పారు. ఆటో మిషన్ అంటే ఎంత ప్రెషర్ కావాలో ఊపిరిని బట్టి తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయేది. మిషన్ తీసుకొని వెళ్తూ యాదగిరి మెట్ల దగ్గర ఆగాడు. బరువు తగ్గితే మిషన్ అవసరమే ఉండదని ఎవరో వీడియోలో చెప్పారట, నిజమేనా అని అడిగాడు. కొందరికి నిజం అన్నాను. ఆ కొందరిలో తాను ఉంటాడని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడని ముఖం చూస్తే తెలిసింది.

పరీక్ష ఫలితం వచ్చింది. యాప్నియా చాలా తగ్గింది కానీ పోలేదు. మిషన్ ఉండాల్సిందే, కాకపోతే తొమ్మిది ప్రెషర్ చాలు. డాక్టరు గారు దీన్ని శుభవార్తలా చెప్పారు, అది శుభవార్తే. యాదగిరి మాత్రం ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నందుకు ఇదా ఫలితం అన్నట్టు చూశాడు. నోరు కట్టుకోవడం వల్లే పద్నాలుగు తొమ్మిది అయిందని, షుగర్ అదుపులోకి వచ్చిందని డాక్టరు గారు సర్దిచెప్పారు. ఆయన తల ఊపాడు కానీ ముఖం తేటపడలేదు. దిగులు పడినవాళ్లను తొందరపెట్టడం నాకు ఇష్టం ఉండదు. కొత్త మాస్కు, ఒక సైజు చిన్నది, నెమ్మదిగా తొడిగి చూపించాను. పట్టీ కింద వేలు సులువుగా దూరాలని చెప్పాను. నోరు ఎండకుండా గాలిని తడిపే హ్యుమిడిఫయర్ కాస్త పెంచాను. తలవైపు కొంచెం ఎత్తు పెట్టుకొని, ఒక పక్కకు తిరిగి పడుకోమన్నాను.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. వారం తిరక్కముందే లక్ష్మి ఫోన్ చేసింది. కొత్త మాస్కు అంచు నుంచి సన్నగా సుయ్‌మనే చప్పుడు వస్తుంటే ఆయన తట్టుకోలేకపోతున్నాడట. కడుపుబ్బరం తగ్గింది, అయినా చెయ్యి దానంతటదే వెనక్కు పోయి పట్టీలు బిగించేస్తోంది. యాదగిరి ఫోన్ తీసుకొని, ఆ చప్పుడు వింటే దమ్ పోతున్నట్టే ఉంటది మేడం, ఇంత వయసొచ్చినంక ఎట్ల ఊకుంటం అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు వినబడకుండా నవ్వాను. కొంచెం లీక్ ఉండనివ్వొచ్చు, మిషన్ దాన్ని లెక్కలో వేసుకుంటుంది, పాడయ్యేదేమీ లేదు అని నచ్చజెప్పాను. పగటిపూట కాసేపు మాస్కు పెట్టుకొని టీవీ చూడమని, చప్పుడు చెవికి అలవాటైతే చెయ్యి పట్టీల మీదికి పోదని చెప్పాను. తడిగుడ్డ సంగతి లక్ష్మి చూసుకుంది. దాన్ని వంటింట్లో మసిగుడ్డ చేసేసింది.

వానలు పడుతున్న రోజుల్లో ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి బియ్యం సంచి లేదు, ఖాజా చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. బగారా అన్నం, దాల్చా. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదన్నది మా క్లినిక్ పద్ధతి. ఆ రోజు ఆ పద్ధతిని నేను గుర్తు చేసుకోలేదు.

అలవాటు కొద్దీ ముందు రిపోర్టు తెరిచాను. రోజూ వాడుతున్నాడు. ఊపిరి ఆగడం తక్కువగానే ఉంది. లీక్ మునుపటి కంటే ఎక్కువే, ఉండాల్సినంత ఉంది. ఇప్పుడు నేను అంకెలు చూసి మెచ్చుకోవడం తగ్గించాను. మరీ చక్కగా ఉన్న అంకె కనిపిస్తే ఆ మనిషిని పిలిచి, మాటలేమీ చెప్పకుండా, ఇంట్లో ఎలా పెట్టుకుంటారో అలాగే పెట్టుకోండి, నేను చూస్తాను అంటున్నాను. చేతులు వెనక్కు కట్టుకొని నిలబడతాను. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు మాస్కు లోపలివైపు పౌడర్ చల్లుకుంటున్నారని, ఏ.ఎస్. రావు నగర్‌లో ఒకావిడ జడ కోసం పైపట్టీని అసలు వాడటమే లేదని అలాగే తెలిసింది. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు, అంతే. యాదగిరి తర్వాత నాకు మిగిలిన పాఠం అది.

ఖాజా కింద స్కూటర్ మీద వాన పడుతోందని, ఏదైనా కప్పి వస్తానని వెళ్లాడు. అడగాలా వద్దా అని సందేహిస్తూనే, ఉప్పు సంగతి ఏమైందని యాదగిరిని అడిగాను.

ఆయన టిఫిన్ క్యారియర్ నా వైపు కొంచెం జరిపాడు.

"మొన్న మల్కాజిగిరిల పెండ్లి. పొద్దుగాల కడుపు ఖాళీగ ఉండె, మంచి ఆకలి. దాల్చల ఉప్పేసిన. ఏసి, డబ్బా ఖాజాకు అందేటట్టు గట్టు మీద పెట్టి, కావాలనే అటు తిరిగి నిలబడ్డ."

"తర్వాత?"

"రుచి చూసిండు. గంటె గిన్నె మీద పెట్టిన సప్పుడు ఇనబడ్డది. డబ్బా మూత తీసిన సప్పుడు ఇనబడతదేమోనని జెరసేపు అట్లనే నిలబడ్డ." ఆయన కళ్లు తడిసి ఉన్నాయి, నవ్వుతున్నాడు. "తియ్యలే మేడం."